చదివినట్లుగా భావించవలెను

కోటగిరి,
ఏప్రిల్ 6.

రాజలింగు కాకకు నజియా సలాం.

మీకు ఇప్పుడే రాయాల్సిన అవసరం వచ్చింది. జూన్ పదిహేను ఆదివారం నాడు మన చెరకు రైతుల సంఘం ప్రత్యేక సర్వసభ్య సమావేశం పెడుతోంది. నియమావళికి ఇరవై ఒక్క సవరణలు ఒకేసారి ఓటుకు వస్తున్నాయి. అవి నెగ్గితే సంఘం పేరూ, బోర్డూ, బెల్లం బట్టీలూ అన్నీ ఇలాగే ఉంటాయి. సంఘం మాత్రం మనది కాకుండా పోతుంది. ఆ నియమావళిని మీ చేత్తో రాసి, ముప్పై ఏళ్లు కార్యదర్శిగా ఉన్నవారు మీరు. అందుకే ముందు మిమ్మల్నే అడుగుతున్నాను. ఫోన్ చేద్దామంటే, మీకు వినపడేలా అరిస్తే భీమ్‌గల్ సంగతేమో గానీ కోటగిరి మొత్తం వింటుంది.

మీరు కూతురింటికి వెళ్లి మూడేళ్లయింది. ఆ ఏడాదే భానుప్రసాద్ అన్న చైర్మన్ అయ్యాడు. అంతకుముందు ఎవరి చెరకు ముందు కోయాలో పెద్ద రైతులే తేల్చుకునేవారు. చిన్న రైతుల చెరకు పొలంలోనే ఎండి బరువు తగ్గేది. అన్న వచ్చిన మొదటి కోతకే అందరి పేర్లూ చిట్టీల మీద రాయించి, మా నాన్న మొయినుద్దీన్ అతుకు వేసిన పెద్ద కడాయిలో పోయించి, అందరి ముందే తీయించాడు. రెండెకరాల దేవవ్వ పేరు మూడోది వచ్చింది. ఆమె అక్కడే కూర్చుని ఏడ్చింది. జనం ఆయన్ను ఊరికే ప్రేమించడం లేదు. నేనూ అభిమానిస్తాను. ఆఫీసులో ఈ క్లర్కు ఉద్యోగం ఇచ్చిందీ ఆయనే.

ఇప్పుడు వస్తున్న సవరణల్లో చాలావరకు చిన్నవి. నాలుగు మాత్రం అలాంటివి కావు. చైర్మన్ ఎన్నిసార్లయినా పోటీ చేయవచ్చు. 'అత్యవసర పరిస్థితుల్లో' కోత వంతు చిట్టీలతో కాక చైర్మన్ నిర్ణయిస్తాడు. సంఘం గౌరవానికి భంగం కలిగించిన సభ్యుణ్ణి బోర్డు తొలగించవచ్చు. నాలుగోది అన్నిటికంటే చివర్లో ఉంది: ఇప్పటిదాకా ఏ పాతికమంది సభ్యులైనా సవరణ ప్రతిపాదించవచ్చు, ఇకమీదట బోర్డు మాత్రమే ప్రతిపాదించాలి. అంటే మొదటి మూడూ తప్పని రేపు తెలిసినా, వెనక్కి తీసుకోమని అడిగే దారి ఉండదు.

మీ కాలం నుంచి మనకో అలవాటు ఉంది. కొత్త నిబంధన ఏది వచ్చినా సమావేశంలో పైకి చదవాలి. తర్వాత చదువు రాని సభ్యులొకరు లేచి, తమకు అర్థమైంది తమ మాటల్లో తిరిగి చెప్పాలి. అది సరిగ్గా ఉంటేనే చేతులెత్తడం. జనవరి సమావేశంలో ఆ అలవాటు పోయింది. 'సభ్యులకు ముద్రిత ప్రతి అందజేసిన పిమ్మట, నిబంధనను చదివినట్లుగా భావించవలెను' అని ఒక వాక్యం చేర్చి, చప్పట్లతో ఆమోదించారు.

తిరిగి చెప్పుడు అనేది పాత నియమావళిలో ఎక్కడైనా రాసి ఉందా? ఉంటే జనవరి తీర్మానం చెల్లదని వాదించవచ్చు. బీరువా మొత్తం వెతికాను, దొరకలేదు. త్వరగా రాయండి.

మీ
నజియా


భీమ్‌గల్,
ఏప్రిల్ 17.

నజియా బిడ్డకు,

నీ ఉత్తరం అందింది. నా బిడ్డ కావ్య చూసి, పలక మీద "బాపూ, ఎవరు రాసిండ్రు? పెన్షనోళ్లా?" అని రాసింది. ఇప్పుడు మా ఇంట్లో మాటలన్నీ పలక మీదే. చెవులు పోయాక ఒక సుఖం కూడా ఉంది. ఎన్నికలప్పుడు మైకు బండి మా ఇంటి ముందు గంటసేపు ఆగినా నేను హాయిగా నిద్రపోయాను.

భానుప్రసాద్ మంచివాడు. ఫిబ్రవరిలో ఇక్కడికి వచ్చి, నా కాళ్లకు మొక్కి, చాలాసేపు కూర్చున్నాడు. పాత కార్యదర్శిని వెతుక్కుంటూ వచ్చేవాళ్లు ఎంతమంది ఉంటారు? ఒకే మనిషిని మళ్లీ మళ్లీ ఎన్నుకోవడంలో తప్పు కూడా ఏమీ లేదు. నన్ను ఎన్నుకోలేదా? కోత వంతు సంగతి మాత్రం ఆలోచించాల్సిందే. అతనితో నెమ్మదిగా మాట్లాడు. వింటాడు.

తిరిగి చెప్పుడు ఎక్కడా రాయలేదు. బీరువా వెతకడం మానేయి. అలవాటే కదా, రాయాలనిపించలేదు.

నేనూ ఒకటి అడుగుతాను. జనవరిలో చేర్చిన ఆ వాక్యాన్ని నువ్వు రాసి పంపావు కదా, రెండుసార్లు చదివాను. భానుప్రసాద్‌ను చిన్నప్పటి నుంచి ఎరుగుదును. అతను జన్మలో 'పిమ్మట' అని రాయడు. బోర్డులో మిగతావాళ్లకు సంతకమే కష్టం. అంత చక్కటి వాక్యం ఎవరు రాశారు?

మీ నాన్నను అడిగానని చెప్పు. ఎండలో కడాయిల పని చేయవద్దను.

రాజలింగు కాక


నిజామాబాద్,
ఏప్రిల్ 30.

కాకా,

నేనే రాశాను.

మొదటి ఉత్తరంలో ఎవరో చెప్పకుండా 'చేర్చి', 'ఆమోదించారు' అని రాసి తప్పించుకున్నాను. మీరు పట్టుకుంటారని ఎక్కడో తెలుసు కూడా.

కిందటేడు వార్షిక సమావేశం మీకు తెలియదు. మే నెల. రేకుల షెడ్డు. నేను పన్నెండు నిబంధనలు చదివాను. దేవవ్వను తిరిగి చెప్పమన్నారు. మూడుసార్లు తప్పు చెప్పింది. ఆత్మారాం పటేల్ వెనుక నుంచి అరిచాడు: "దేవవ్వా, గంటసేపు సదివితే గింతేనా నీకు ఎక్కింది?"

"నా నెత్తిల గింతే వడ్తది పటేలా. నీ నెత్తి పెద్దది, టోపీ గూడ వడ్తలేదు."

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. కానీ కూర్చునేటప్పుడు కొంగుతో ముఖం తుడుచుకుంటూ చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఆమె వెనుక వరుసలో మా అమ్మ హుసేన్ బీ ఎక్కడ తన పేరు పిలుస్తారోనని తల దించుకుని కూర్చుంది. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేను. చేతిలో కాగితం ఉంటే మనిషికి ఎంత గౌరవం వస్తుందో చూస్తూ పెరిగాను. ఇలా నలుగురిలో నిలబెట్టి పరీక్ష పెట్టేకంటే ప్రతి సభ్యుడికీ అచ్చు పుస్తకం ఇస్తే మర్యాదగా ఉంటుంది అనుకున్నాను. భానుప్రసాద్ అన్నకు చెప్పాను.

"మస్తు మాట జెప్పినవ్ నజియా. గా వాక్యం నువ్వే రాయి. ఆఫీసు భాషల రాయి, ఎవ్వలు కిక్కురుమనొద్దు" అన్నాడు.

రాశాను. అది అచ్చులో చూసుకుని సంతోషపడ్డాను కూడా. మార్చిలో ఈ ఇరవై ఒక్క సవరణలూ వచ్చాయి. నన్ను రాయమనలేదు, టైపు చేసి తెచ్చాడు.

"అన్నా, గివన్ని మీటింగుల సదవాలె గద?" అన్నాను.

"పుస్తకం ఇంటింటికి ఇచ్చినంక సదువుడెందుకు? నువ్వు రాసిందే గద" అన్నాడు. ఎగతాళిగా కాదు, మామూలుగానే.

ఆ పుస్తకం మా ఇంట్లో ఎక్కడుందో వెళ్లి చూశాను. అమ్మ దాన్ని గుడ్డలో చుట్టి పై అరలో పెట్టింది. అక్షరాలున్న కాగితం నేల మీద పడకూడదని ఆమె నమ్మకం. దేవవ్వ ఇంట్లో దేవుడి పటం వెనుక ఉంది. నేననుకున్న గౌరవం పుస్తకానికి బాగానే దొరికింది. ఎవరూ తెరవలేదు.

ఈరోజు నా ఎం.ఏ. పరీక్ష. ఎన్నికల్లో గెలిచిన ప్రభుత్వాలు రాజ్యాంగ మార్పుల ద్వారా నిరంకుశంగా ఎలా మారతాయో వివరించమని ప్రశ్న వచ్చింది. చదివిందంతా రాశాను. హంగరీలో మూడింట రెండొంతుల సీట్లు గెలిచిన పక్షం ఏడాది తిరిగేలోగా కొత్త రాజ్యాంగమే తెచ్చుకుంది. వెనిజులాలో ఒక మనిషి ఎన్నిసార్లు అధ్యక్షుడు కావచ్చన్న హద్దును ప్రజల ఓటుతోనే తీసేశారు. తుపాకితో వచ్చినవాళ్లు రాజ్యాంగాన్ని పక్కన పడేస్తారు. ఓట్లతో వచ్చినవాళ్లకు ఆ అవసరం ఉండదు. దాన్ని సవరించుకుంటారు. ఒక్కొక్క సవరణ విడిగా చూస్తే చిన్నదే, పద్ధతిగానే జరిగినట్టు ఉంటుంది, జనం పేరు మీదే వస్తుంది. ఇదంతా రాస్తుంటే, ఆ దేశాల్లో కూడా నాలాంటి ఒకరు, మంచి ఉద్దేశంతో, చక్కటి భాషలో మొదటి వాక్యం రాసి ఉంటారు కదా అనిపించింది. పాఠ్యపుస్తకంలో వాళ్ల గురించి లేదు.

నేను దాచింది చెప్పాను. ఇక మీరు. సవరణల ఫైలులో ఫిబ్రవరి 11 తేదీతో ఒక మద్దతు లేఖ ఉంది. 'సంఘం వ్యవస్థాపక కార్యదర్శి ఈ మార్పులను హృదయపూర్వకంగా సమర్థిస్తున్నారు' అని. కింద సంతకం మీదే. ఈసారి ఆయన మంచివాడని రాయకండి. అది నాకూ తెలుసు.

నజియా


భీమ్‌గల్,
మే 12.

నజియా బిడ్డకు,

నీ ఉత్తరం వచ్చి వారం దాటింది. రెండుసార్లు రాయబోయి చింపేశాను. కావ్య చూసి, పలక మీద "ఎవరికన్న లవ్ లెటర్ రాస్తున్నవా బాపూ" అని రాసింది.

సంతకం నాదే. భానుప్రసాద్ కాగితం ముందు పెట్టి, పలక మీద 'సంఘం మంచికి' అని రాశాడు. కళ్లద్దాలు పక్క గదిలో ఉన్నాయి. లేచి తెచ్చుకోలేదు. నా కాళ్లకు మొక్కిన మనిషి ముందు అద్దాలు పెట్టుకుని చదివితే అనుమానించినట్టు ఉంటుంది అనుకున్నాను. చదువు రాని హన్మవ్వ కూడా అలా సంతకం పెట్టేది కాదు.

హన్మవ్వ నీకు గుర్తుండదు. కాలువ చివర ఎకరంన్నర సాగు చేసేది. చనిపోయి పదేళ్లయింది. తిరిగి చెప్పుడు ఎలా మొదలైందో ఇప్పుడు చెప్తాను. అలవాటు కాబట్టి రాయలేదని నీకు రాశాను. అది అబద్ధం.

మొదటి నియమావళిలో తొమ్మిదో నిబంధన ఉండేది: కార్యదర్శి రెండు దఫాలకు మించి ఉండకూడదు. నేనే రాశాను. పదేళ్లు గడిచేసరికి నాకు దిగబుద్ధి కాలేదు. నేను లేకపోతే సంఘం నడవదని నిజంగా నమ్మాను. సమావేశంలో ఒక వాక్యం గబగబా చదివాను: 'నిబంధన తొమ్మిది రద్దు చేయడమైనది.' అందరూ చేతులెత్తారు. మర్నాడు కాలువ దగ్గర హన్మవ్వ ఆపింది.

"రాజలింగూ, తొమ్మిది రద్దు అంటివి. తొమ్మిదిల ఏముండె?"

చెప్పాను.

"అంటే ఇగ నువ్వు దిగవా?"

"మీరు దిగమంటె దిగుత."

"గది గట్లనే జెప్తే అయిపోవు. నేను అయినా చెయ్యి లేపుదు. మంచిగనె జేస్తున్నవ్. గని అడిగినట్టె అడిగి, అడగకపోతివి."

నాటు వేయడానికి వెళ్లిపోయింది. పదవి వదిలానని అనుకుంటున్నావేమో. వదలలేదు. ఇంకో ఇరవై ఏళ్లు ఉన్నాను. వచ్చే సమావేశం నుంచి మాత్రం ఏది చదివినా హన్మవ్వతో తిరిగి చెప్పించడం మొదలుపెట్టాను. నాకు నేను వేసుకున్న శిక్ష అది. చాలా చిన్న శిక్ష. దాన్ని నియమావళిలో రాయాలంటే ఎందుకు పెట్టామో కారణం కూడా రాయాలి. ఆ కారణం నా పేరు మీద ఉండిపోతుంది. అందుకే రాయలేదు. రాయలేదు కాబట్టే నువ్వు ఒక్క వాక్యంతో తీసేయగలిగావు. ఆ తప్పులో సగం నాది.

ఈ సంగతి కావ్యకు కూడా తెలియదు. నీ దగ్గరే ఉంచు.

ఇప్పుడు పని మాట. మద్దతు వెనక్కి తీసుకుంటూ రాసిన కాగితం దీనితో పంపుతున్నాను, ఫైలులో పెట్టు. ఇరవై ఒక్కటీ కలిపి ఓటుకు పెట్టకుండా ఒక్కొక్కటిగా పెట్టమని ఏ సభ్యుడు అడిగినా చైర్మన్ ఒప్పుకోవాలి. పదిహేడో నిబంధన చూడు, అది మాత్రం రాసే ఉంది. ఇంకా నెల రోజులుంది. ఇంటింటికీ వెళ్లు. చదువు. తిరిగి చెప్పించు. సమావేశంలో చదవనక్కరలేదని నువ్వు రాశావు గానీ, ఇంట్లో చదవకూడదని రాయలేదు కదా.

రాజలింగు కాక


కోటగిరి,
జులై 8.

రాజలింగు కాకకు నజియా సలాం.

ఆలస్యంగా రాస్తున్నందుకు కోపం తెచ్చుకోవద్దు. సమావేశం అయిన మర్నాడే నన్ను ఆఫీసు నుంచి బెల్లం గోదాముకు మార్చారు. ఇక్కడ చీమలతో తప్ప ఎవరితోనూ గొడవ లేదు. పని నేర్చుకున్నాను, నాన్న మాత్రం రోజూ అడుగుతున్నాడు, "ఖుష్‌గున్నవా?" అని. ఉన్నాను.

మీరు చెప్పినట్టే మీ కాగితం ఫైలులో పెట్టి, నెల రోజులు తిరిగాం. నేను ఒక్కదాన్నే మొదలుపెట్టాను. నాలుగో ఇంటి నుంచి దేవవ్వ వెంట వచ్చింది. నేను చదివితే చాలామంది "మంచిదే, మంచిదే" అనేవారు. ఆమె వదిలేది కాదు. "మంచిదంటె? ఏం సమజయింది నీకు? జెప్పు" అని గుమ్మంలో కూర్చునేది. తుకారాం మామ ఒకసారి విసిగిపోయి "బడి పంతులువా నువ్వు?" అన్నాడు. "నేను నీకు పంతులునైతెనన్న నీకు సదువస్తుండె" అంది. తర్వాత ఆయనే కోత వంతు నిబంధనను అందరికంటే బాగా చెప్పాడు: "నాకు భానుప్రసాద్ తోని పంచాది అయిందనుకో. నా చెరుకు అత్యవసరం కాదంటడు."

జూన్ పదిహేనున మూడు వందల పన్నెండు మంది వచ్చారు. భానుప్రసాద్ అన్న మైకు తీసుకుని, అందరికీ పుస్తకాలు అందాయి కాబట్టి అన్నీ కలిపి చేతులెత్తుదామన్నాడు. చప్పట్లు మొదలయ్యాయి. దేవవ్వ లేచి పదిహేడో నిబంధన అంది. అంకె ఒక్కటే చెప్పి కూర్చుంది. ఆయన నా వైపు చూశాడు. నేను పుస్తకం తెరిచి చూపించాను. ఒప్పుకోక తప్పలేదు.

ఆ నాలుగింటిలో చైర్మన్ ఎన్నిసార్లయినా పోటీ చేయవచ్చన్నది ముందు వచ్చింది. ఓడిపోతుందని నేను అనుకున్నాను. దేవవ్వే మొదట చెయ్యి లేపింది! నేను బిత్తరపోయి చూస్తే గట్టిగా అంది: "ఏమే, గట్ల సూస్తవ్? ఉండనీ. మంచిగ జేస్తుండు. ఉండాల్నో వద్దో మల్ల ఓటప్పుడు జెప్తం." అది నెగ్గింది. నాకు ఇప్పటికీ అది తప్పనే అనిపిస్తుంది. కానీ ఆమెను అడిగారు, ఆమె తెలిసి చెప్పింది.

గౌరవ భంగం నిబంధన దగ్గర మా అమ్మ లేచింది కాకా. హుసేన్ బీ. "సంఘం ఇజ్జత్ తీసినోళ్లను తీసేస్తరట. మొన్న బెల్లం మాడింది. మాడిందని నేనంటె ఇజ్జత్ వోయినట్టా? మాడవెట్టినోనిది వోవాలె గద?" షెడ్డంతా నవ్వింది. భానుప్రసాద్ అన్న కూడా నవ్వాడు. అది ఓడిపోయింది.

కోత వంతు ఓడిపోయింది. చివరిది, బోర్డు మాత్రమే సవరణలు తేవాలన్నది, నూట డెబ్బై ఒక్క ఓట్ల దగ్గర ఆగింది. మూడింట రెండొంతులు, అంటే రెండు వందల ఎనిమిది కావాలి. లెక్క చెప్పగానే ఆత్మారాం పటేల్ మళ్లీ లెక్కపెట్టమన్నాడు. మళ్లీ పెట్టారు. రెండు తగ్గాయి.

వెళ్లేటప్పుడు అన్న నా దగ్గర ఆగాడు. "నీకు నేనేం తక్కువ జేసిన నజియా?"

"ఏం తక్కువ జెయ్యలే అన్నా. చిట్టీలు పెట్టింది నువ్వే. గవి తియ్యొద్దనే అంటున్న."

"సెప్టెంబర్ల గవే మల్ల ఓటుకు పెడ్త. పుస్తకాలు మల్ల పంచుత. ఎన్నిసార్లు తిరుగుతవ్ ఇండ్లు?"

ఆ ప్రశ్న సరైనదే. ప్రతిసారీ నెల రోజులు మేం తిరగలేం. నా వాక్యం ఇంకా నియమావళిలోనే ఉంది. అందుకే దాన్ని తీసేసి, తిరిగి చెప్పుడును నిబంధనగా రాయాలని ప్రతిపాదన తయారు చేశాం. పాతికమంది చాలు, నలభై మంది ముందుకు వచ్చారు. సెప్టెంబర్ సమావేశానికి చేరాలంటే జులై నెలాఖరులోగా ఆఫీసులో ఇవ్వాలి. ప్రతిపాదనతో పాటు కారణం రాసి జతచేయాలి.

ఆ కారణం నేను రాయగలను. రాశాను కూడా. ఒకటిన్నర పేజీ, హంగరీతో సహా. దేవవ్వకు చదివి వినిపించి తిరిగి చెప్పమన్నాను. "నువ్వు బాగ సదువుకున్నవని సమజయింది" అంది. చింపేశాను.

ఆమెకు సమజయ్యే కారణం ఒక్కటే ఉంది. అది మీ దగ్గర ఉంది. దాన్ని నా దగ్గరే ఉంచమన్నారు, ఉంచాను. దేవవ్వకు కూడా చెప్పలేదు. మీ మాట లేకుండా ఎప్పటికీ చెప్పను. కానీ కాకా, మంచివాడికి కూడా ఈ కట్టుబాటు ఎందుకు కావాలని సెప్టెంబర్‌లో అందరూ అడుగుతారు. భానుప్రసాద్ అన్న చెడ్డవాడని నిరూపించి గెలవడం నాకు ఇష్టం లేదు, అది నిజం కూడా కాదు. నేనూ మంచి ఉద్దేశంతోనే రాశానని నలుగురి ముందు నిలబడి చెప్తాను. నా తప్పుకు ఏడాది వయసు కూడా లేదు. దాన్ని చూసి చిన్నపిల్ల పొరపాటు అంటారు. మీరు చెప్తే అలా అనలేరు.

కాలువ దగ్గర ఏం జరిగిందో మీ చేతిరాతతో ఒక్క పేజీ రాయండి. తొమ్మిదో నిబంధన, హన్మవ్వ అడిగిన మాట, మీరు దిగకపోవడం. ఏదీ తగ్గించవద్దు. మిమ్మల్ని తక్కువగా చూసేవాళ్లు కొందరు ఉంటారు. నేను వాళ్లలో ఉండను. ముందుగా కావ్య అక్కకు చెప్పండి, ఆమె ఇంకెవరి నోటనో వినకూడదు. ఒకవేళ రాయలేనంటే ఆ సంగతే రాయండి, నా మనసులో మీ స్థానం మారదు. వేరే కారణం వెతుక్కుంటాను.

ఏదైనా సరే, జులై ఇరవై రెండు మంగళవారం లోగా మీ జవాబు నాకు అందాలి. బుధవారం ఆ నలభై మందినీ రమ్మన్నాను. వాళ్లలో ఇరవై తొమ్మిది మందికి చదువు రాదు. సంతకాలకు ముందు కారణం పైకి చదవాలి.

మీ
నజియా